వెబ్‌సైటుకు పేరు, భివండికి దారి

ముంబయి దగ్గర వసయ్ రోడ్ నుంచి దివా వెళ్లే రైలు మార్గంలో భివండి రోడ్ అని ఒక స్టేషన్ ఉంది. తెలంగాణ నుంచి మొదటిసారి వచ్చే చుట్టం బోర్డు మీద ఆ పేరు చూసి సంచీ దింపుకొని బయటికి వస్తాడు. వచ్చాక తెలుస్తుంది, ఊరి నడిబొడ్డుకు చేరాలంటే ఇంకా ఆటో ఎక్కాలని. మన రైల్వేలో స్టేషన్ పేరు చివర ‘రోడ్’ అని ఉంటే చాలాచోట్ల అర్థం అదే. ఊరు ఇంకా ముందుంది, ఇక్కడ ఉన్నది ఊరికి పోయే తోవ. మంత్రాలయం రోడ్‌లో దిగే భక్తులకు ఈ సంగతి బాగా తెలుసు. రాఘవేంద్రస్వామి మఠానికి అక్కడినుంచి మళ్లీ బస్సో ఆటోనో చూసుకోవాలి.

ఇంటర్నెట్‌లో తమ వ్యాపారానికి పేరు వెతుక్కునేవాళ్లు అడిగే మొదటి ప్రశ్న విన్నప్పుడల్లా నాకు ఆ భివండి రోడ్ స్టేషన్ గుర్తొస్తుంది. ఏ పేరు పెడితే గూగుల్‌లో మనం ముందు కనపడతాం? బోర్డు మీద ఊరి పేరు రాస్తే ఊరు వస్తుందా అని అడిగినట్టే ఉంటుంది. అలాగని ఆ ప్రశ్న తెలివితక్కువది కాదు. ఒకప్పుడు నిజంగానే బోర్డు రాస్తే ఊరు వచ్చేది. అది ఎలా వచ్చేదో, ఎందుకు ఆగిపోయిందో తెలిస్తే పేరు పెట్టుకోవడం తేలికవుతుంది.

భివండిలో తెలుగువాళ్ల పేట పద్మానగర్. కరీంనగర్, సిరిసిల్ల, వరంగల్, నల్లగొండ వైపుల నుంచి బతుకుతెరువు కోసం తరాల కిందటే వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ పాతుకుపోయాయి. మరమగ్గాన్ని సిరిసిల్లలో అన్నట్టే సాంచ అంటారు. చాలామందిది జాబు పని. సేటు నూలు ఇస్తాడు, మీటరుకు ఇంత అని కూలి కడతాడు, నేసిన తాకాలు, అంటే గుడ్డ చుట్టలు, పట్టుకుపోతాడు. ఇక్కడ తయారయ్యేది ఎక్కువగా గ్రే, అంటే రంగూ అద్దకమూ లేని పచ్చి గుడ్డ. అది సూరత్‌కో, రాజస్థాన్‌లోని బాలోత్రా, పాలీలకో పోయి రంగు పులుముకుంటుంది. అక్కడే దాని అంచు మీద ఎవరిదో మార్కా పడుతుంది. నేసినవాడి పేరు ఆ గుడ్డ మీద ఎక్కడా ఉండదు. లక్షల సాంచాలు రాత్రీ పగలూ ఆడే ఊరు, దేశమంతా తొడుక్కునే బట్ట నేసే ఊరు, గజం గుడ్డ మీద కూడా తన పేరు రాసుకోలేదు. ‘మన పేరుతో ఒక సైటు పెడదాం’ అని పద్మానగర్ కుర్రవాడు అన్నాడంటే, ఆ ఇంట్లో నేసిన గుడ్డకు మొదటిసారి పేరు పెడుతున్నాడని నాకనిపిస్తుంది. అందుకే ఈ విషయం వివరంగా చెప్పాలని కూర్చున్నాను.

ఇరవై నాలుగు సాంచాలున్న ఒక ఇల్లు అనుకుందాం. తండ్రీ కొడుకుల మధ్య మాట ఇలా నడుస్తుంది.

‘బాపూ, సైటుకు ఏం పేరు పెడదాం?’

‘తాత పేరు పెట్టు బిడ్డా. పదిమందికి ఎరికైన పేరు.’

‘తాత పేరు గూగుల్ల ఎవడు కొడతడు బాపూ? భివండి కాటన్ గ్రే క్లాత్ మాన్యుఫాక్చరర్ అని మొత్తం అదే పేరు పెడితే, ఆ మాటలు కొట్టినోనికి మనమే ముందు కనపడ్తం.’

కొడుకు చెప్పింది 2012 దాకా చాలావరకు నిజమే. తండ్రి మాట నేటికీ చెల్లుతుంది. ఎందుకో చూద్దాం.

పేరు టైపు చేస్తే సైటు తెరుచుకోవడం ఒక యంత్రాంగం పని. మాటలు కొట్టి వెతికితే సైట్లు వరుసగా కనపడడం మరో యంత్రాంగం పని. ఈ రెండూ ఒకటే అనుకోవడంలోనే చిక్కంతా ఉంది.

మొదటిది చిరునామా పుస్తకం. కంప్యూటర్లు ఒకదాన్నొకటి అంకెలతో గుర్తుపడతాయి, మనుషులకు అంకెలు గుర్తుండవు. ఇంటర్నెట్ తొలిరోజుల్లో అమెరికాలోని ఎస్‌ఆర్‌ఐ పరిశోధన సంస్థలో ఎలిజబెత్ ఫైన్‌లర్ బృందం ఏ పేరుకు ఏ అంకెలో ఒకే ఫైలులో రాసి అందరికీ పంచేది. కంప్యూటర్లు పెరిగేకొద్దీ ఆ ఫైలు మోయలేని బరువైంది. 1983లో పాల్ మొకపెట్రిస్ ఆ పుస్తకాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎవరి దగ్గర ఉండాలో ఏర్పాటు చేశాడు. దాన్నే డొమైన్ నేమ్ సిస్టమ్ అంటున్నాం. అది పేరును చివరినుంచి చదువుతుంది. ఉత్తరం మీద పోస్టాఫీసు ముందు పిన్ కోడు చూసి, తర్వాత వీధి, చివరికి మనిషి పేరు చూసినట్టే, ముందు డాట్ కామా డాట్ ఇన్నా అని చూసి, ఆ విభాగం సర్వరును అడిగి, అక్కడినుంచి మీ సైటు అంకెలు తెచ్చిస్తుంది. 1985 మార్చి 15న సింబాలిక్స్ అనే అమెరికా కంపెనీ తొలి డాట్ కామ్ పేరు నమోదు చేసుకుంది. పేరులో ఏ మాటలున్నాయో, అవి గుడ్డ గురించో గోధుమల గురించో, ఈ పుస్తకానికి ఏమాత్రం పట్టదు. అక్షరాలు సరిగ్గా కలిశాయా లేదా, అంతే. ఒక్క అక్షరం తప్పినా తలుపు తీయదు.

రెండో యంత్రాంగం మన బజారు లాంటిది. గూగుల్ ప్రోగ్రాములు ఒక పేజీ నుంచి ఇంకో పేజీకి లింకులు పట్టుకుని నడుస్తూ, చదివినదంతా మాటల వారీగా సూచికలో పెట్టుకుంటాయి. ఎవరో మూడు మాటలు కొట్టగానే ఆ మాటలున్న లక్షల పేజీల్లో ఎవరిని ముందు నిలబెట్టాలో తేల్చాలి. 1998లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం విద్యార్థులు లారీ పేజ్, సెర్గీ బ్రిన్ దీనికొక ఉపాయం చెప్పారు. పేజ్‌ర్యాంక్ అని దానికి పేరు. భివండి నూలు బజారు తెలిసినవాడికి అది చిటికెలో అర్థమవుతుంది.

కొత్తగా సాంచాలు పెట్టినవాడికి నూలు ఉద్దర కావాలి. సేటు అతని బోర్డు మీద ఏం రాసి ఉందో చూడడు. ‘ఎవరు చెప్పారు?’ అని అడుగుతాడు. ముప్పై ఏళ్లుగా మాట తప్పని దలాలు ‘నాకు తెలిసిన మనిషి, ఇయ్యండి’ అంటే నూలు బేళ్లు కదులుతాయి. నిన్న వచ్చినవాడు చెబితే కదలవు. ఆ దలాలు మాటకు విలువ ఎక్కడిది? అతన్ని నమ్మేవాళ్లు కూడా నమ్మదగినవాళ్లు కాబట్టి. అదే దలాలు కనపడిన ప్రతివాడికీ మాట ఇస్తూ పోతే ఆ మాట పలచబడుతుంది. పేజ్‌ర్యాంక్ లెక్క అచ్చం ఇదే. ఒక సైటు ఇంకో సైటుకు లింకు ఇస్తే అది మాట సాయం. మాట ఇచ్చిన సైటుకు ఎంత పరపతి ఉందో చూసి, అది ఎంతమందికి మాట ఇచ్చిందో ఆ సంఖ్యతో భాగించి, మీ ఖాతాలో వేస్తారు. నలుగురికే లింకు ఇచ్చిన పేజీ నుంచి పావు వంతు వస్తే, వందమందికి ఇచ్చిన పేజీ నుంచి వందో వంతు వస్తుంది. ఈ లెక్కను అన్ని పేజీలకూ కలిపి, అంకెలు కుదుటపడేదాకా మళ్లీ మళ్లీ వేస్తారు. ఆ తర్వాత గూగుల్ ఎన్నో కొలతలు చేర్చుకుంది కానీ, ఎవరు మాట ఇచ్చారన్న ప్రశ్న నేటికీ పోలేదు.

మరి ఈ లెక్కలోకి పేరు ఎలా దూరింది? లింకు ఇచ్చేటప్పుడు కొన్ని మాటల మీద నొక్కేలా ఇస్తారు కదా. ఆ మాటలు కూడా గూగుల్ చదువుతుంది. వందమంది ఫలానా పేజీని ‘కేంబ్రిక్ గుడ్డ’ అని పిలుస్తూ లింకు ఇస్తే, ఆ పేజీ కేంబ్రిక్ గురించే అయి ఉంటుందని ఊహిస్తుంది. మంచి ఊహే. మనుషులు మాత్రం లింకు ఇచ్చేటప్పుడు సాధారణంగా సైటు పేరే రాస్తారు. సైటు పేరే ‘భివండి కాటన్ గ్రే క్లాత్’ అయితే, పేరు పెట్టి పిలిచిన ప్రతివాడూ తనకు తెలియకుండానే ఆ మాటలకు సాక్ష్యం చెప్పినట్టయింది. వెతికే మాటలనే పేరుగా పెట్టుకోవడం వల్ల లాభం వచ్చిన మర్మం ఇదే.

ఈ మర్మం తెలిసినవాళ్లు ఊరుకోలేదు. చవక బీమా, చవక విమానం టికెట్టు, ఇంటి రుణం అంటూ జనం వెతికే ప్రతి మాటనూ పేరుగా కొనేశారు. లోపల సరుకు లేదు, నాలుగు పేరాలు ఎక్కడినుంచో తెచ్చి అతికించినవి. 2012 సెప్టెంబరు 28న గూగుల్ ఇంజినీరు మ్యాట్ కట్స్ ట్విటర్‌లో ఒక చిన్న మార్పు ప్రకటించాడు. వెతికే మాటతో అచ్చంగా సరిపోయే పేరుండి, నాణ్యత లేని సైట్లను ఫలితాల్లో కిందికి దించుతున్నాం అన్నాడు. అమెరికాలో ఇంగ్లీషులో జరిగే అన్వేషణల్లో 0.6 శాతం మీద దీని ప్రభావం కనపడుతుందని లెక్క కూడా చెప్పాడు. చూడడానికి చిన్న అంకె. ఆ పేర్ల మీదే బతికిన సైట్లకు మాత్రం పునాది కదిలిపోయింది.

2015 జూలైలో గూగుల్ మరో మాట స్పష్టం చేసింది. డాట్ తర్వాత వచ్చే తోకలో వ్యాపారానికి సంబంధించిన మాట ఉన్నంత మాత్రాన వరుసలో మేలూ లేదు, కీడూ లేదు. కొత్తగా సైటు పెట్టేవాళ్ల కోసం గూగుల్ ఇస్తున్న మార్గదర్శిని కూడా పేరులోని మాటల ప్రభావం దాదాపు లేనట్టే అంటుంది. డాట్ ఇన్ లాంటి దేశపు తోక విషయంలో కొంచెం మినహాయింపు ఉంది. ఈ సైటు భారతదేశంలోని వాళ్ల కోసం అని అది సూచిస్తుంది, ఆ సూచన కూడా బలహీనమైనదే. కొనుగోలుదారులు సూరత్, ఇచల్‌కరంజి, అహ్మదాబాద్‌లలో ఉన్నవాడికి డాట్ ఇన్ సరిపోతుంది. డాట్ కామ్ దొరకలేదని బాధపడి, దాని కోసం పేరును వంకర తిప్పక్కర్లేదు.

అయితే పేరుకు విలువే లేదా? చాలా ఉంది. ఆ విలువ మనిషి చెవిలో, మనిషి నమ్మకంలో ఉంది.

ముందు చెవి సంగతి. డొమైన్ పేరులో వాడదగిన గుర్తులు 37. ఇంగ్లీషు అక్షరాలు 26, అంకెలు 10, ఒక అడ్డగీత. పెద్దబడి, చిన్నబడి తేడా లేదు. రెండు చుక్కల మధ్య ముక్క 63 అక్షరాలు దాటకూడదు. ఇంతటి తెలుగు వర్ణమాలను ఆ 26లో కుక్కాలి. తాత పేరు వెంకటేశ్వర అనుకోండి. ‘శ్వ’లోని శకారానికి ఎస్ ఒక్కటే రాస్తారు కొందరు, ఎస్ పక్కన హెచ్ పెడతారు కొందరు. వకారానికి వీ, లేదా డబ్ల్యూ. చివర ఏ ఉంచవచ్చు, మహారాష్ట్ర అలవాటు ప్రకారం తీసేయవచ్చు. రెండు రెళ్లు నాలుగు, నాలుగు రెళ్లు ఎనిమిది. ఒక్క తాతకు ఎనిమిది పేర్లు! పద్మశాలి అన్న మాటే చూడండి. మహారాష్ట్రలో హెచ్ పెట్టి రాస్తారు, ఆంధ్రలో చాలామంది హెచ్ లేకుండా రాస్తారు. భివండికైనా వీనా డబ్ల్యూనా అన్న పేచీ ఉంది. 1882 నాటి ఠాణా జిల్లా గెజిటీరులో ఊరి పేరు డబ్ల్యూ తర్వాత అచ్చే లేకుండా నేరుగా ఎన్ పెట్టి అచ్చయింది. నూట నలభై ఏళ్లుగా తెగని స్పెల్లింగు ఇది.

వెతుకులాట యంత్రం ఈ విషయంలో ఉదారంగా ఉంటుంది. కోట్లమంది తప్పుగా కొట్టి, వెంటనే దిద్దుకుని మళ్లీ కొట్టడం చూసి చూసి, ఏ తప్పుకు ఏది ఒప్పో నేర్చుకుంది. అమెరికన్ గాయని బ్రిట్నీ స్పియర్స్ పేరును జనం ఎన్ని రకాలుగా రాసి వెతికారో గూగుల్ ఒకప్పుడు జాబితా వేస్తే వందల రకాలు తేలాయి, అన్నీ ఆమె దగ్గరికే చేరాయి. కానీ పద్మానగర్ తాత పేరును కోట్లమంది వెతకరు కదా. యంత్రానికి నేర్చుకునే అవకాశమే రాదు. ఇక చిరునామా పుస్తకం సంగతి చెప్పుకున్నాం, దానికి క్షమాగుణం లేదు.

కాబట్టి పేరు ఖాయం చేసేముందు ఒక పరీక్ష పెట్టండి. ఫోనులో ఒకసారి చెప్పండి, అవతలివాడిని రాయమనండి. తెలుగు తెలిసిన మేనమామతో ఒకసారి, గుజరాతీ వ్యాపారితో ఒకసారి, పక్క కార్ఖానా మోమిన్ భాయితో ఒకసారి, మరాఠీ గుమాస్తాతో ఒకసారి. నలుగురూ ఒకే విధంగా రాస్తే ఆ పేరు నిలుస్తుంది. ఇద్దరు తప్పు రాశారంటే ఎంత మంచి ముహూర్తంలో అనుకున్న పేరైనా వదిలేయాలి. అడ్డగీతను ఫోనులో చెప్పడమే కష్టం. అంకె అయితే అంకెగా రాయాలా మాటగా రాయాలా అన్న సందేహం. సరుకు పేరు కూడా పేరులో ఇరికించకపోవడమే మేలని నా అభిప్రాయం. ఇవాళ పాప్లిన్ నేసేవాడు రేపు షటిల్ సాంచాలు తీసేసి రేపియర్ సాంచాలు దింపి వేరే రకం నేస్తాడు, అప్పుడు పేరు అబద్ధమవుతుంది. అన్నీ ఆలోచించాక కూడా రెండు స్పెల్లింగులు తప్పేలా లేకపోతే రెండూ కొని, రెండోదాన్ని మొదటిదానికి శాశ్వతంగా మళ్లించాలి. రెండు పేర్లతో ఒకే సరుకున్న రెండు సైట్లు నడిపితే మాత్రం వచ్చే మాట సాయం రెండుగా చీలుతుంది. అలాంటివి పదులకొద్దీ పెడితే గూగుల్ దాన్ని మోసం కిందే లెక్కగడుతుంది.

ఒక్క అక్షరం తేడా ఎంత పని చేస్తుందో మన కోర్టులకు తెలుసు. ‘రెడిఫ్’ వాళ్లు, ‘రాడిఫ్’ అని పేరు తీసుకున్నవాళ్ల మీద బొంబాయి హైకోర్టుకు వెళ్లి 1999లో ఆపించారు. అంతకన్నా పెద్ద తీర్పుకు తెలుగు సంబంధం ఉంది. హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ పెట్టిన సత్యం ఇన్ఫోవే, తన పేరులోని అక్షరాలు కలిపి ‘సిఫీ’ అనే కొత్త మాట పుట్టించింది. తర్వాత ఇంకో సంస్థ అందులో ఎఫ్ అక్షరాన్ని రెండుసార్లు రాసి, చివర నెట్ చేర్చి వ్యాపారం మొదలుపెట్టింది. అవి తమ అయిదుగురు ప్రమోటర్ల పేర్లలోని తొలి అక్షరాలని వాదించింది. బెంగళూరు సివిల్ కోర్టు ఆపమంది, కర్ణాటక హైకోర్టు పర్వాలేదంది, చివరికి 2004 మే 6న సుప్రీంకోర్టు సత్యం ఇన్ఫోవే వైపు నిలిచింది. డొమైన్ పేరు చిరునామా పని చేస్తూనే వ్యాపార చిహ్నం పని కూడా చేస్తుందని, ఒకరి పేరు చాటున ఇంకొకరు సరుకు అమ్మకుండా ఆపే చట్టం దానికీ వర్తిస్తుందని ఆ తీర్పు ఖాయం చేసింది. పక్కవాడి పేరుకు ఒక అక్షరం చేర్చి వాడి గిరాకీ లాగుదామనుకునేవాళ్లు ఈ తీర్పు చదవాలి.

అదే సత్యం ఇన్ఫోవే 1999 నవంబరులో ముంబయిలో రాజేశ్ జైన్ నడిపే వెబ్‌సైట్ల సంస్థ ఇండియావరల్డ్‌ను 499 కోట్ల రూపాయలకు కొనడానికి ఒప్పందం చేసుకుంది. ఆ సైట్ల పేర్లు సమాచార్, ఖేల్, ఖోజ్, బావర్చీ. ఇంటింటా వినపడే మాటలు, చెబితే చాలు గుర్తుండిపోయేవి. ఆ పేర్ల వెనుక 1995 నుంచి రోజూ వచ్చి చదివే ప్రవాస భారతీయులు ఉన్నారు. ధర పలికింది ఆ రాకపోకలకు.

ఇక తెలుగు లిపిలోనే పేరు పెట్టుకోవచ్చుగా అని అడిగేవాళ్లుంటారు. పెట్టుకోవచ్చు. తెలుగు అక్షరాల్లో ‘డాట్ భారత్’ అనే తోక 2011లోనే మన దేశానికి కేటాయించారు. డాట్ ఇన్ నడిపే నేషనల్ ఇంటర్నెట్ ఎక్స్ఛేంజ్ ఆఫ్ ఇండియానే దాన్నీ నడుపుతుంది. చిరునామా పుస్తకానికి మాత్రం ఇంకా ఆ 37 గుర్తులే వచ్చు. అందుకని తెలుగు పేరును 2003లో ఖరారైన ప్యూనీకోడ్ అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలుగా మార్చి దాచుకుంటుంది. మన కంటికి ఒక్క అక్షరంగా కనపడే ‘శ్రీ’ కంప్యూటరుకు నాలుగు ముక్కలు: శ, పొల్లు, ర, గుడిదీర్ఘం. తెలుగు, కన్నడ లిపులు అక్కచెల్లెళ్లు కావడంతో రెండింటిలోనూ ఒకేలా కనపడే అక్షరాలున్నాయి. ఒక లిపి అక్షరంతో ఇంకో లిపి పేరును మోసగాళ్లు కాపీ కొట్టకుండా, ఏవి వేటికి సమానమో నియమాలు రాయడానికి భారతీయ భాషల పండితులు, ఇంజినీర్లు ‘నియో బ్రాహ్మీ’ పేరుతో కలిసి కూర్చున్నారు. తెలుగు పేరును, దాని మారు రూపాన్ని గూగుల్ ఒకటిగానే చూస్తుంది, కాబట్టి వరుసలో నష్టం లేదు. తెలుగువాళ్లకే అమ్మే పుస్తకాల దుకాణానికో వంటల సైటుకో తెలుగు పేరు ఉండాలని నేను గట్టిగా కోరుకుంటాను. భివండి గ్రే వ్యాపారికి మాత్రం ఇంగ్లీషు పేరు ముందు తీసుకుని, తెలుగు పేరును దానికి మళ్లించుకోమంటాను. కొనేవాడి వేళ్లకు మన లిపి రాదు మరి.

పేరులోని నమ్మకం ఎంత పెద్దదో 2025లో రిజర్వు బ్యాంకు చూపించింది. మోసపు సైట్లకు అడ్డుకట్ట వేయడానికి దేశంలోని బ్యాంకులన్నీ 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’ అనే తోకకు మారాలని ఆదేశించింది. ఆ పేర్లు ఇచ్చే అధికారం హైదరాబాద్‌లోని బ్యాంకింగ్ టెక్నాలజీ పరిశోధన సంస్థ ఐడీఆర్‌బీటీ ఒక్కదానికే ఉంది. బ్యాంకు కానివాడికి ఆ తోక దొరకదు. ఖాతాదారు పేరు చూసి ధైర్యంగా లోపలికి వెళ్లడం కోసమే ఇంత ఏర్పాటు.

ఇప్పుడు కొడుకు అసలు కోరికకు వద్దాం. ముందు కనపడాలి. సూరత్‌లో ఒక వ్యాపారి కూర్చుని ఏం వెతుకుతాడు? ‘మంచి గుడ్డ’ అని వెతకడు. నూలు నంబరు, రీడు, పిక్కు, పన్నా కొట్టి వెతుకుతాడు. అంగుళానికి పడుగు పోగులెన్ని, పేక పోగులెన్ని, వెడల్పు ఎంత, ఇవే అతని భాష. భివండి సైట్లలో ఎక్కువగా కనపడేది ‘నాణ్యతే మా ధ్యేయం’ అనే వాక్యం, ఎక్కడో తీసిన నూలుకండెల ఫోటో. వెతికేవాడి భాషలో ఒక్క మాట లేదు. ఒక్కొక్క రకానికి ఒక్కొక్క పేజీ పెట్టి, ఆ నాలుగు అంకెలు రాసి, తన కార్ఖానాలో తీసిన ఫోటో పెట్టి, రోజుకు ఎన్ని మీటర్లు దిగుతుందో, ఎన్నాళ్లలో పంపగలడో రాస్తే చాలు. అంత కచ్చితమైన ప్రశ్నకు అంత కచ్చితమైన జవాబు రాసినవాళ్లు తక్కువ కాబట్టి ఆ పేజీ పైకి వస్తుంది. గూగుల్ మ్యాపులో కార్ఖానాను నమోదు చేసుకోవడం ఇంకో పని. దగ్గర్లోని దుకాణాల ఫలితాల్లో గూగుల్ చూసేవి మూడని అదే చెబుతుంది: అడిగినదానికి ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంతమందికి తెలిసినది. ఆపైన మాట సాయం. సరుకు కొని రంగు వేసే ప్రాసెస్ హౌసు, మిషన్లు అమ్మినవాడు, కులసంఘం, చదివిన బడి, వీటిలో ఎవరికి సైటు ఉన్నా అడిగి ఒక లింకు వేయించుకోవడం వందల నకిలీ లింకులు కొనడం కన్నా మంచిది.

పెద్ద వ్యాపార డైరెక్టరీల్లో పేజీ ఉంటే సరిపోదా? ఉండాలి, గిరాకీ అక్కడినుంచే వస్తుంది. కానీ అది జాబు పని లాంటిది. నూలు వాళ్లది, గిరాకీ వాళ్లది, మీ పక్కనే మీ పోటీదారు పేరు కూడా వాళ్లే పెడతారు. సొంత పేరున్న సైటు చిన్నదైనా సొంత సాంచ.

సొంతం అన్నానుగానీ, డొమైన్ పేరు పూర్తిగా సొంతం కాదు. ముంబయి, భివండి పాత చాళ్లలో పగడీ గదులుంటాయి కదా, దాదాపు అలాంటిది. అద్దె గడువులోగా కడుతున్నంతకాలం మీదే, పిల్లలకూ ఇచ్చుకోవచ్చు. కట్టడం మరిచారా, పోతుంది. డాట్ కామ్ పేరుకు గడువు దాటాక రిజిస్ట్రార్, అంటే పేరు అమ్మిన సంస్థ, ఇచ్చే కొద్ది వారాల వెసులుబాటు, ఆ తర్వాత ఎక్కువ రుసుముతో విడిపించుకునే 30 రోజులు, చివరి 5 రోజులు అయ్యాక ఎవరైనా కొనుక్కోవచ్చు. 1999 డిసెంబరులో సాక్షాత్తూ మైక్రోసాఫ్ట్, హాట్‌మెయిల్ లాగిన్ నడిచే తన పాస్‌పోర్ట్ డాట్ కామ్ పేరుకు రుసుము కట్టడం మరిచిపోతే హాట్‌మెయిల్ తెరుచుకోక జనం అల్లాడారు. మైకేల్ చేనీ అనే ప్రోగ్రామరు తన కార్డుతో 35 డాలర్లు కట్టి దాన్ని నిలబెట్టాడు. 2015 సెప్టెంబరులో గుజరాత్ మాండ్వీకి చెందిన సన్మయ్ వేద్‌కు గూగుల్ డాట్ కామ్ పేరే 12 డాలర్లకు దొరికింది, దాదాపు ఒక నిమిషం పాటు అతని చేతిలో ఉంది.

ఎవరో వదిలేసిన పాత పేరును, దానికున్న పరపతి కోసం కొనుక్కోమని చెప్పేవాళ్లు తగులుతారు. బడి పేరునో ఆస్పత్రి పేరునో కొని అందులో వేరే సరుకు అమ్మడాన్ని గూగుల్ 2024 మార్చిలో నిషిద్ధాల జాబితాలో చేర్చింది. ఆ దారి పట్టొద్దు.

మన చిన్న వ్యాపారుల ఇళ్లలో ఎక్కువగా జరిగే నష్టం మరొకటి. సైటు చేసిపెట్టే కుర్రవాడు డొమైన్‌ను తన ఈమెయిలుతో, తన పేరు మీద కొంటాడు. నాలుగేళ్లకు అతను ఊరు మారతాడు, ఫోను నంబరు మారుతుంది. గడువు వచ్చిన సంగతి చెప్పే ఉత్తరం అతని పెట్టెలో పడి ఉంటుంది. తాత పేరు ఇంకెవడి చేతికో పోతుంది, నాలుగేళ్లలో వచ్చిన లింకులూ గిరాకీ దానితోనే పోతాయి. కాబట్టి సైటు ఉన్నవాళ్లంతా ఇవాళే మీ రిజిస్ట్రార్ ఖాతా తెరిచి మూడు సంగతులు చూడండి. యజమానిగా ఎవరి పేరు ఉంది, ఎవరి ఈమెయిలు ఉంది, గడువు ఎప్పుడు. ఆ మూడింటిలో ఏ ఒక్కటి మీ చేతిలో లేకపోయినా, ఆ కుర్రవాడు ఫోను ఎత్తుతున్నప్పుడే మార్పించుకోండి.